నెత్తురు మాది, ఫ్రీజర్ వాళ్లది

ప్రతి ఏడూ ఫ్రెషర్స్ డే నాడు మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మాట తప్పకుండా వినిపించేది. పెద్ద ప్రొఫెసరు గారు మైకు పట్టుకుని "మన డిపార్ట్‌మెంట్ ఒక కుటుంబం" అనేవారు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. మేమూ కొట్టాం, అదీ చేతులు మండేలా కొట్టాం. కొండ దిగి, రెండు బస్సులు మారి, ఇనప పెట్టె మోసుకుంటూ వచ్చిన పిల్లలకు అంతకన్నా తీపి మాట ఏముంటుంది? ఇల్లు వదిలి వస్తే ఇంకో ఇల్లు దొరికిందనుకున్నాం.

మేం అంటే ఎవరమో ముందు చెప్పాలి. కోయ, కొండదొర, సవర, గోండు ఇళ్ల నుంచి వేర్వేరు సంవత్సరాల్లో ఈ చదువుకు వెళ్లినవాళ్లం. కొన్నిచోట్ల దీన్ని ఆంత్రపాలజీ అంటారు, కొన్నిచోట్ల హ్యూమన్ జెనెటిక్స్, ఇంకొన్నిచోట్ల హ్యూమన్ బయాలజీ. బోర్డు మీద పేరు ఏదైనా లోపలి పాఠం ఒకటే. మనిషి ఒళ్లు, మనిషి నెత్తురు, మనిషి వంశం. ఇప్పుడు మాలో ఒకరు ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నారు. ఒకరు పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్. ఒకరు పీహెచ్‌డీ మొదలుపెట్టి ఇంకా ముగించలేదు. మేం చదివిన విశ్వవిద్యాలయాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు. ఒక పేరు రాస్తే మిగతావాళ్లందరూ "అది అక్కడి గొడవ" అని చేతులు దులుపుకుంటారు. ఎవరికి తగిలేది వాళ్లు తీసుకోవచ్చు.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. మా వాళ్ల నెత్తురును సరుకుగా, మమ్మల్ని ఆ సరుకు తెచ్చిపెట్టే దారిచూపరులుగా వాడుకున్నంత కాలం ఆ డిపార్ట్‌మెంట్ కుటుంబం కాదు. ముందు లెక్క చెప్పాలి. తర్వాతే చుట్టరికం.

కమ్యూనిటీ అనే మాటకు అక్కడ రెండు అర్థాలున్నాయని మాకు మొదటి సెమిస్టర్‌లోనే తెలిసింది. ఒకటి నోటీసు బోర్డు మీద ఉంటుంది: స్టూడెంట్ కమ్యూనిటీ, అలుమ్ని కమ్యూనిటీ, పిక్నిక్, గ్రూప్ ఫొటో. రెండోది డేటా షీట్‌లో ఉంటుంది. వరుస సంఖ్య, వయసు, ఆడా మగా, ఆ తర్వాతి గడిలో కమ్యూనిటీ. ఆ గడిలో రాసేది మా పేర్లే. మొదటి అర్థంలో మేం అంచున నిలబడతాం. రెండో అర్థంలో మాత్రం నట్టనడుమ ఉంటాం.

మొదటి నెల ప్రాక్టికల్స్‌లో కొలతలు నేర్పించారు. ఎత్తు, కూర్చున్న ఎత్తు, తల పొడవు, ముక్కు వెడల్పు. ఒకరినొకరు కొలుచుకోవాలి. కాలిపర్ పట్టుకోవడం అందరూ నేర్చుకోవాలి కాబట్టి వంతులు వేసుకోవాలి. కానీ వంతులు రాలేదు. "నువ్వు కూర్చో, నీ ముక్కు టిపికల్‌గా ఉంది" అని మాలో ఒకరిని స్టూలు మీద కూర్చోబెట్టారు. క్లాసంతా వరుసగా వచ్చి కొలిచింది. నవ్వింది కూడా. మా వాడూ నవ్వాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారు కదా. ఆ సాయంత్రం హాస్టల్ అద్దంలో వాడు తన ముక్కును తానే చూసుకున్నాడని చాలా రోజుల తర్వాత చెప్పాడు. ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు చదివి, ఇంటర్ దాటి, డిగ్రీ దాటి అక్కడికి చేరిన వాడికి ఆ రోజు తెలిసింది తన ముక్కు ఒక పాఠమని.

ఆ కాలిపర్‌కు పెద్ద చరిత్రే ఉంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. ఊరూరా తిరిగి ముక్కులూ తలలూ కొలిచాడు. వయనాడ్‌లో పణియ స్త్రీలు తనను చూడగానే పారిపోయారని, తమలో మంచివాళ్లను ఏరి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్లు భయపడ్డారని ఆయనే రాసుకున్నాడు. దాన్నొక హాస్యంగా రాశాడు. మా క్లాసులో మాస్టారు కూడా హాస్యంగానే చెప్పారు. మాకు మాత్రం ఆ తల్లుల భయంలో తెలివితక్కువతనం కనిపించలేదు. వాళ్లు మ్యూజియం అన్నారు. ఇప్పుడు దాన్ని మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ అంటున్నారు, అంతే తేడా.

అన్నీ చెడ్డవే చెబితే అబద్ధమవుతుంది. ఒక మధ్యాహ్నం గుర్తుంది. పీటీసీ అని ఒక పదార్థం అద్దిన కాగితం ముక్కలు పంచారు. నాలుక మీద పెట్టుకుంటే కొందరికి విషంలా చేదు, కొందరికి ఉత్త కాగితమే. అది పుట్టుకతో వచ్చే గుణం. 1931లో ఒక రసాయన శాస్త్రవేత్త ల్యాబులో అనుకోకుండా బయటపడింది. ఆ రోజు క్లాసు రెండుగా చీలింది, చేదు తెలిసినవాళ్లు ఒకవైపు, తెలియనివాళ్లు ఒకవైపు. ఎప్పుడూ మాతో మాట్లాడని ముందు బెంచీ అమ్మాయి, మా సవర చెల్లెలు ఒకే వైపు నిలబడి ఉమ్ముతూ, నీళ్లు తాగుతూ పగలబడి నవ్వారు. రెండేళ్ల కోర్సులో అందరం ఒక్కటైన పూట ఏదంటే అదే చెబుతాం. జీవశాస్త్రం నిజంగా చెప్పేది కూడా అదే. 1972లో రిచర్డ్ లెవంటిన్ లెక్కగట్టి చూపించాడు: మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలి మనుషుల మధ్యనే ఉంటాయి. చెంచుల, కోయల నెత్తురుతో చేసిన ఒక పరిశోధన 2003లో అచ్చయింది. తెగలకూ కులాలకూ పాతరాతియుగం నాటి వారసత్వం చాలావరకు ఉమ్మడిదేనని అది తేల్చింది. పరీక్షలో ఇవి రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే సాయంత్రం మెస్‌లో మా బల్ల దగ్గర కూర్చోరు. పాఠం నాలుక దాటి లోపలికి దిగలేదు.

మెస్ సంగతి, ఉపకార వేతనం ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపే సంగతి, "మీకేంటి, రిజర్వేషన్ ఉంది" అనే మాట సంగతి ఈ పుస్తకంలో వేరేవాళ్లు రాస్తారు. చదివేవాళ్లకూ అవి కొత్త కాదు. మా చదువుకు మాత్రమే ఉన్న రోగం ఇంకొకటి ఉంది, దాని గురించి చెబుతాం.

రోగం పేరు ఫీల్డ్ వర్క్. క్యాంపస్‌లో ఏడాది పొడుగునా మా పేరు సరిగా పలకనివాళ్లు ఫీల్డ్ వర్క్ నోటీసు రాగానే వెతుక్కుంటూ వస్తారు. "మీ ఊరు ఏ మండలం? రోడ్డు ఉందా? మీ వాళ్లు నెత్తురు ఇస్తారా?" ఆ పది రోజులు మేమే రాజులం. జీపులో ముందు సీటు మాది. టీ మాకు ముందు వస్తుంది. సార్ భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతారు. మాకు గర్వంగా ఉండేది. దాచుకోవడం ఎందుకు, చాలా గర్వంగా ఉండేది. మా గూడెంలో అందరి ముందు పెద్ద సార్ల పక్కన నడవడం కన్నా గొప్ప ఏముంది? కొండ దిగి తిరిగి క్యాంపస్‌కు వచ్చాక మళ్లీ ఆఖరి బెంచీ.

ఆ పది రోజుల్లో ఏం జరిగేదో చెబుతాం. అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉండేది. రీసెర్చ్ స్కాలర్ దాన్ని తెలుగులో రెండు ముక్కల్లో చెప్పేవాడు. దాన్ని మేం మా భాషలో ఒక ముక్కగా చెప్పేవాళ్లం: "ఏమీ కాదు, కొంచెం నెత్తురు తీస్తారు, జబ్బులుంటే తెలుస్తుంది." రెండు పేజీల కాగితం మూడు నోళ్లు దాటేసరికి ఒక్క వాక్యం మిగిలేది. వేలిముద్ర పడేది. మా వాళ్లు ఆ కాగితాన్ని నమ్మి వేలిముద్ర వేయలేదు, డిపార్ట్‌మెంటును నమ్మీ వేయలేదు. మా ముఖాలు చూసి వేశారు. "మన పిల్లోడే కదా అడుగుతున్నాడు" అని చేయి చాచారు. ఆ నమ్మకం మాకు తాతల నుంచి వచ్చిన ఆస్తి. దాన్ని మేం ప్రాక్టికల్ మార్కులకు అమ్ముకున్నాం.

ఇది ఒకరి తప్పు కాదు, మా అందరిదీ. ఎవరూ బలవంతపెట్టలేదు కూడా. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసినవాడికి బలవంతం అక్కర్లేదు. భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017లో విడుదల చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఆదివాసులనూ, విద్యార్థుల వంటి పైవాళ్ల అధీనంలో ఉండేవాళ్లనూ ప్రత్యేక రక్షణ కావలసినవాళ్లుగానే లెక్కవేశాయి. ఆదివాసీ విద్యార్థి ఈ రెండింటి కిందికీ వస్తాడు. ఆదివాసుల మీద పరిశోధన వాళ్లకు మేలు చేసేదైతేనే చేయాలని, ఊరి పెద్ద ఒప్పుకున్నా ప్రతి మనిషినీ విడిగా అడగాలని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. మేం వాటిని పరీక్ష కోసం బట్టీపట్టాం. ఆ మరుసటి నెలే జీపెక్కి, వాటిలో ఒక్కటీ పాటించకుండా నెత్తురు తీసుకొచ్చాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాలో ఒకరు 2016లో ఇలాగే తన సొంత గూడేనికి బృందాన్ని తీసుకెళ్లాడు. పనసచెట్టు కింద బల్ల వేశారు. వాడి పెద్దమ్మ ఇచ్చింది, మేనమామ ఇచ్చాడు, వరసకు అన్నయ్య, వదిన ఇచ్చారు. వదిన ఒళ్లో రెండేళ్ల పిల్ల ఉంది. చిన్న పిల్లలని ఆ పిల్ల దగ్గర తీయలేదు. "నెలలో రిపోర్టులు వస్తాయి" అని సార్ చెప్పమన్నాడు, వాడు చెప్పాడు. పేర్లు రాసింది వాడే. పేర్ల పక్కన కోడ్ నంబర్లు వేసింది వాడే. తర్వాత ల్యాబులో ఫలితాలను పట్టికలో ఎక్కించింది కూడా వాడే. అన్నయ్య నంబరు పక్కన ఏఎస్, వదిన నంబరు పక్కన ఏఎస్. అంటే ఇద్దరిలోనూ సికిల్ సెల్ గుణం ఉంది. వాళ్లకు జబ్బు లేదు, కానీ వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బుతో పుట్టే అవకాశం ఉంది. ఇది ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పాఠం, వాడికి బాగా తెలుసు. గైడును అడిగాడు: "సార్, ఊళ్లో చెప్పాలా?" "థీసిస్ సబ్మిట్ అయ్యాక చూద్దాం" అన్నారు. థీసిస్ సబ్మిట్ అయింది. ఎవరికో డాక్టరేట్ వచ్చింది. స్వీట్లు పంచారు, మేం తిన్నాం.

రిపోర్టులు వెళ్లలేదు. వాడు ఇంటికి వెళ్లినప్పుడల్లా పెద్దమ్మ అడిగేది, "నా కాగితం ఏదిరా అయ్యా? నా నెత్తురు ఏం చెప్పింది?" మొదట్లో వస్తుందనేవాడు. తర్వాత ఆ వీధి తప్పించి నడవడం మొదలుపెట్టాడు.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది దాని లక్ష్యం. ఆ పరీక్షలు ఆ గూడేనికి చేరేసరికి వదిన ఒళ్లోని పిల్లకు పదేళ్లు. ప్రతి చలికాలం చేతులూ కాళ్లూ నొప్పులని ఏడ్చే పిల్ల. వాతమన్నారు. దేవర కోపమన్నారు. బడికి ఎగ్గొట్టడానికి వేషాలని వార్డెన్ అన్నాడట. పరీక్షలో జబ్బు బయటపడింది. ఇప్పుడు హైడ్రాక్సీయూరియా మాత్రలు వాడుతోంది, కాస్త నయంగా ఉంది.

వాడు అన్నయ్య ఇంటికి వెళ్లి, "నాకు ముందే తెలుసు" అని చెప్పాడు. ఎనిమిదేళ్లు మోసి ఆ రోజు దించాడు. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదట. తిట్టలేదు కూడా. చివరికి ఒకే మాట అన్నాడు: "అప్పుడే చెప్పుంటే నేను మీ వదినను వదిలేస్తాననుకున్నావా? పిల్లను తెల్లారకట్ట చలిలో వాగుకు నీళ్లకు పంపేవాణ్ని కాదు."

చలి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోవడం, అలసట, ఈ మూడూ సికిల్ నొప్పిని రేపుతాయి. ఇది చెప్పడానికి మందు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ఒక చీటీ చాలు.

ఈ సంగతి చెప్పినప్పుడు కొందరు మాస్టార్లు వెంటనే అనే మాట ఒకటుంది: "మీలో దగ్గరి పెళ్లిళ్లు ఎక్కువ, అందుకే ఈ జబ్బు." స్లయిడ్ల మీద కూడా ఇలాగే రాస్తారు. మేనరికం తెలుగు నేల మీద ఎన్ని కులాల్లో లేదు? మేనమామను చేసుకున్న ఇళ్లు పట్నంలో ఎన్ని లేవు? సికిల్ గుణం కొండల్లో నిలబడటానికి కారణం మలేరియా. ఆ గుణం ఒక పాలు ఉన్నవాళ్లకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత కాపుదల ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ 1954లోనే చూపించాడు. వెయ్యేళ్లు దోమలతో పోరాడి బతికిన ఒళ్లు పెట్టిన ఖర్చు అది. భార్యాభర్తలిద్దరికీ ఆ గుణం ఉంటే చాలు, వాళ్లు చుట్టాలు కానక్కర్లేదు. మన దేశంలో 1952లో దీన్ని మొదట నీలగిరుల ఆదివాసుల్లో కనుగొన్నారు. డెబ్బై ఏళ్లు దాటినా మా గూడేల్లో దాని పేరు తెలిసిన ఇల్లు అరుదు. మా నెత్తురులో దాన్ని వెతికిన థీసిస్‌లు మాత్రం లైబ్రరీ రాక్‌ల నిండా ఉన్నాయి.

మా ల్యాబ్ టెక్నీషియన్ చెల్లెలు ఇంకో మాట చెప్పమంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు మలేరియాలో ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర ప్రమాదం. ఎర్రకణాలు పగిలి మూత్రం నల్లబడుతుంది, మనిషి పాలిపోతాడు. వైవాక్స్ మలేరియాకు ఆ మాత్ర 14 రోజులు ఇస్తారు. ఏ ఊళ్లో ఎవరికి ఆ లోపం ఉందో కొలిచి పెట్టిన పట్టికలు డిపార్ట్‌మెంట్లలో ఉన్నాయి. ఆ ఊరి పీహెచ్‌సీలో మాత్ర చేతిలో పెట్టే నర్సు దగ్గర లేవు. మధ్య దూరం ఒక ఫోన్ కాల్.

పట్నంలో ల్యాబుకు వెళ్లి నెత్తురిచ్చినవాడికి సాయంత్రానికి ఫోనుకే రిపోర్టు వస్తుంది. వాడు డబ్బు కట్టాడు కాబట్టి అంటారు. మా వాళ్లు ఏం కట్టలేదా? వాళ్ల నెత్తురు మీద డిగ్రీలు వచ్చాయి, ప్రమోషన్లు వచ్చాయి, విదేశీ సెమినార్లకు టికెట్లు వచ్చాయి. గూడెంలో వేటకు వెళ్లి జంతువును కొడితే మాంసం పాళ్లు వేస్తారు. వేటకు రాని ముసలివాళ్ల ఇంటికీ, మగదిక్కు లేని ఇంటికీ పాలు వెళ్తుంది. (మా గూడేల్లో అంతా సవ్యమని చెప్పడం లేదు. పెద్దమనుషులు కూర్చున్నచోట ఆడవాళ్ల మాట ఎంత చెల్లుతుందో మా చెల్లెళ్లను అడగండి.) అయినా ఆ పాలు పంచే పద్ధతి తెలిసినవాళ్లం కాబట్టే అడుగుతున్నాం, ఈ వేటలో మా పాలు ఏది?

ఇలా అడిగిన మొదటివాళ్లం మేం కాదు. అమెరికాలో గ్రాండ్ కేన్యన్ లోయలో హవాసుపాయ్ అనే ఆదివాసులున్నారు. మధుమేహం పరిశోధన అని చెప్పి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1990 నుంచి వాళ్ల నెత్తురు తీశారు. తర్వాత అదే నెత్తురును మానసిక వ్యాధుల మీద, దగ్గరి పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కణ్నుంచి వచ్చారన్నదాని మీద పరిశోధనలకు వాడారు. వాళ్లకు చెప్పలేదు. 2003లో ఆ విశ్వవిద్యాలయంలో ఒక పీహెచ్‌డీ ప్రసంగం జరుగుతుంటే ఆ హాలులో కార్లెట్టా టిలూసీ అనే హవాసుపాయ్ స్త్రీ కూర్చుని ఉంది. తెర మీద తన వాళ్ల నెత్తురు కనిపించింది. లేచి, దీనికి మా వాళ్ల అనుమతి తీసుకున్నారా అని అడిగింది. ఆ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 2010లో విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, మిగిలిన నెత్తురునూ తిరిగి ఇచ్చేసింది. తెగవాళ్లు వచ్చి ఫ్రీజర్ లోంచి తమ నెత్తురు తాము తీసుకెళ్లారు. దక్షిణాఫ్రికాలో శాన్ ప్రజలు 2017లో తమ మీద పరిశోధన చేసేవాళ్లు పాటించాల్సిన నియమాలను తామే రాసుకున్నారు.

మా సెమినార్ హాళ్లలో ఎన్ని థీసిస్ వైవాలు జరిగాయి! తెర మీద మా మండలాల పేర్లు, మా తెగల పేర్లు కనిపించాయి. మేమూ హాలులోనే ఉన్నాం. వెనక వరుసలో బిస్కెట్లు, టీ కప్పులు సర్దుతూ ఉన్నాం. ఒక్కరం కూడా లేచి అడగలేదు.

మన నేల మీద ఖమ్మం జిల్లాను మరిచిపోకండి. 2009లో అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల పిల్లలే. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. ఆ క్యాన్సర్‌ను అది ఆపుతుందని మేం చదివినదాన్ని బట్టి మాకు తెలుసు. కొందరు పిల్లలు చనిపోతే, టీకా వల్ల కాదని విచారణలో తేల్చారు. మేం అడిగేది అనుమతి గురించి. 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. ఇవి పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికకు ఎక్కిన లెక్కలు. తల్లీదండ్రీ బతికి ఉండగానే వార్డెన్ ఎలా సంతకం పెడతాడు? ఈ పుస్తకం చదివే మాస్టార్లలో, వార్డెన్లలో రేపు అలాంటి కాగితం ముందుకు వచ్చేవాళ్లు ఉంటారు. అయ్యా, అమ్మా, ఆ పెన్ను జేబులోనే ఉంచండి. తల్లిని పిలిపించండి. బస్సు ఛార్జీ పరిశోధన చేసేవాళ్లనే పెట్టుకోమనండి.

"ఇలా అడుగుతూ పోతే పరిశోధనలు ఆగిపోతాయి, నష్టపోయేది మీ వాళ్లే" అని మమ్మల్ని బెదిరిస్తారు. మేం ఆపమనడం లేదు. సికిల్ మా ఇంట్లో ఉంది, మలేరియా మా వాకిట్లో ఉంది. ఈ చదువు అవసరం మాకున్నంత ఎవరికుంది? అయితే మాకు కావలసిన పరిశోధన ఫలితం ఊరికి తిరిగి చేరేది. అది చేయలేని పని కాదు. మా డిపార్ట్‌మెంట్లలోనే ఒక మేడం ఉండేవారు. బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్ చీటీల మీద రాసి, గుడ్డ సంచిలో వేసుకుని, సొంత డబ్బుతో బస్సెక్కి మళ్లీ ఊరికి వెళ్లి పేరు పేరునా పంచేవారు. ఆమె పేపర్లు తక్కువ, ప్రమోషన్ ఆలస్యంగా వచ్చింది. ఆ ఊళ్లలో ఇప్పటికీ ఆమెను అడుగుతారు. మిగతావాళ్ల పేరు ఎవరికీ గుర్తులేదు.

కాబట్టి ఏం కావాలో రాస్తున్నాం. నెత్తురు తీసిన ప్రతి మనిషికీ ఫలితం చీటీ అందాలి. మా భాషలో చెప్పగలిగే మనిషి వచ్చి చెప్పాలి. ఆ మనిషి ఒప్పుకుంటే పీహెచ్‌సీకి కూడా తెలియాలి. చీటీ అందిందని ఊరు రాసిచ్చేదాకా థీసిస్ తీసుకోకూడదు. ఇది ఒక్కటి చేస్తే సగం రోగం పోతుంది. ఫ్రీజర్‌లో ఎవరి నెత్తురు ఉంది, ఎప్పటిది, దేనికి తీశారు, ఆ తర్వాత దేనికి వాడారు అన్న రిజిస్టరు గ్రామసభ అడిగితే చూపాలి. 1996 పీసా చట్టం గ్రామసభకు నేల మీద, చెరువు మీద, సంత మీద మాట ఇచ్చింది. మా ఒంట్లోని నెత్తురు వీటన్నిటికంటే చౌకా? ఎథిక్స్ కమిటీలో సామాన్యుడికని ఒక కుర్చీ ఉంటుంది. మా మీద జరిగే పరిశోధనకు ఆ కుర్చీలో మా మనిషి కూర్చోవాలి. ఆదివాసీ విద్యార్థిని దారిచూపరిగా వాడుకోవడం మానాలి. తనంతట తాను వస్తే కూలి ఇవ్వాలి, పేపరు మీద పేరు వేయాలి. 2006లోనే ప్రభుత్వం "ప్రిమిటివ్" అన్న మాట తీసేసింది. స్లయిడ్ల మీద నుంచి కూడా తీసేయండి, దానికి బడ్జెట్ అక్కర్లేదు. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది, ములుగు సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో చట్టం వచ్చింది. వాటిలో ఎప్పుడైనా ఈ చదువు మొదలుపెడితే ఈ నియమాలు మొదటి రోజు నుంచే ఉండాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక మాట. ఈ చదువు మానకండి. మేం పడ్డది చూసి భయపడి బీఈడీ చాలనుకోకండి. సెమినార్ హాలులో మీరు లేకపోతే అడిగేవాళ్లే ఉండరు. కానీ జీపు ముందు సీటు ఎక్కేముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: ఫలితం ఎప్పుడు ఇస్తారు, ఎవరు తెస్తారు, మిగిలిన నెత్తురు ఏం చేస్తారు. జవాబు కాగితం మీద రాయించుకోండి. రాయనంటే మీ ఊరి దారి మీకు గుర్తులేదని చెప్పండి.

మా పాత డిపార్ట్‌మెంట్లకు ఈ డిమాండ్లన్నీ ఉత్తరాలుగా పంపాం. 2016 నాటి ఆ ఊరి జాబితా, కోడ్ నంబర్ల పుస్తకం ఇమ్మని వేరుగా అడిగాం. ఒకచోట నుంచి అందిందని రసీదు వచ్చింది, మిగతావాళ్లు పలకలేదు. మా వాడు తన పాత నోటుబుక్కులోంచి తనకు గుర్తున్న పేర్లు, ఫలితాలు రాసుకుని ఒక్కడే మొదలుపెట్టాడు. ఇల్లిల్లూ తిరిగి, ఎవరి సంగతి వాళ్లకు విడిగా చెబుతున్నాడు. మొదట పెద్దమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమెకు ఏ లోపమూ లేదు, నెత్తురు కాస్త తక్కువ. "ఇంతేనా?" అంది. "ఇది చెప్పడానికి ఇన్నేళ్లా?" అని కూడా అంది. తర్వాత అంబలి పోసింది.